కీబోర్డునకు అందని అక్షరములు



పాతకాలపు వ్రాతప్రతి నొకదానిని ముందుంచుకొని, అందలి విషయమును కంప్యూటరులోనికి ఎక్కించుటకు పూనుకొన్నవారు మీలో కొందరైనను ఉందురని నా నమ్మకము. అది తాతగారు రచించిన శతకము కావచ్చును. ఊరి దేవాలయములోని శాసనమునకు ఎన్నడో ఎవరో ఎత్తివ్రాసిన నకలు కావచ్చును. భోషాణము అడుగున చిక్కిన ధాన్యపు లెక్కల పుస్తకము కావచ్చును. పది పంక్తులు సాఫీగా సాగును. అంతలో అరసున్న యొకటి అడ్డుపడును. మరి నాలుగు పంక్తులు సాగును. ఈసారి నెత్తిమీద చిన్న గుర్తుతో దంత్య చకారము ఎదురగును. వ్రాయువారి వ్రేళ్లు ఆగిపోవును. కీబోర్డుమీది మీటలన్నియు వెదకుదురు. ఆ అక్షరము కానరాదు. ఇది కంప్యూటరులో లేదు కాబోలునని తలచి, అరసున్నను విడిచి, దంత్యమును మామూలు చకారముగా మార్చి, ముందునకు సాగుదురు. అట్లు ఒకచోట విడిచిన అక్షరము, ఆ ప్రతినుండి పుట్టిన ప్రతులన్నిటినుండియు విడువబడుచున్నది. పది సంవత్సరముల తరువాత దానిని చదువు విద్యార్థికి మూలమునందు అరసున్న ఉండెనన్న సంగతియే తెలియకుండ పోవుచున్నది.

ఈ సాయంకాలము నేను మీకు మనవి చేయదలచినది ముఖ్యముగా ఒక్క మాట. కీబోర్డుమీద కనిపించనంత మాత్రమున, అక్షరము లేదని అనుకొనరాదు. ఉన్నదో లేదో చూచుటకు ఒక సాధనమున్నది. దాని పేరు క్యారెక్టర్ మ్యాప్. మన ముచ్చటకు దానిని అక్షరపటమని పిలుచుకొందము.

విండోస్ నడచు కంప్యూటరు మీ యింట ఉన్నచో, ఈ అక్షరపటము కూడ అందులో ఉన్నట్లే. మీరు కొననక్కరలేదు, ఎక్కడినుండియు తెచ్చుకొననక్కరలేదు. 1992లో వెలువడిన విండోస్ 3.1 నాటినుండియు అది తోడుగా వచ్చుచునే యున్నది. అంతకు ముందే, 1984లో ప్రథమమున వచ్చిన మాకింటోష్‌లో కీ క్యాప్స్ అను చిన్న ఉపకరణ ముండెడిది. ఏ మీట నొక్కిన ఏ అక్షరము పడునో అది బొమ్మకట్టి చూపెడిది. లినక్స్ వాడువారికి గ్నోమ్ వారి అక్షరపటము వేరుగా కలదు. పేర్లు వేరైనను పని ఒక్కటియే: ఒక ఫాంటులో దాగియున్న అక్షరములను బయటపెట్టి మన కన్నులకు చూపుట.

దానిని తెరచుట కష్టమైన పని కాదు. స్టార్టు నొక్కి, వెదకు చోట క్యారెక్టర్ మ్యాప్ అని టైపు చేసిన చాలును. చిన్న విండో యొకటి తెరమీదికి వచ్చును. పైభాగమున మీ కంప్యూటరులో ఉన్న ఫాంటుల పేర్ల పట్టిక యుండును. అందులో గౌతమి యనియో, నిర్మల యనియో, మీరు తెచ్చి పెట్టుకొన్నచో పోతన యనియో సూరన్న యనియో ఒక పేరు నెన్నుకొనుడు. వెంటనే దాని క్రింద అడ్డముగను నిలువుగను గడులు గీచిన పట్టిక కనిపించును. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరము. మొదట ఆంగ్లాక్షరములే కనిపించినచో నిరుత్సాహపడవలదు; క్రిందికి జరుపుచు పోయినచో తెలుగు వచ్చును. ఒక గడిమీద మౌసుతో నొక్కి పట్టుకొన్నచో ఆ అక్షరము పెద్దదై ఎదుట నిలుచును. చూపు మందగించిన పెద్దలకు ఇది గొప్ప ఉపకారము. అదే గడిని రెండుమారులు వెంటవెంటనే నొక్కినచో అక్షరము క్రింది పెట్టెలోనికి దిగును. కాపీ అను మీట నొక్కుడు. మీ వ్రాతలోనికి పోయి పేస్టు చేయుడు. అక్షరము అక్కడ చేరియుండును. మరల చెప్పుచున్నాను: ఫాంటును ఎన్నుకొనుట, గడిని రెండుమారులు నొక్కుట, కాపీ చేయుట, పేస్టు చేయుట. ఇంతియే.

అచ్చుకూటములో కేసు ముందు నిలిచి పనిచేసిన కంపోజిటరును చూచినవారు మీలో ఉన్నచో, వారికి ఈ దృశ్యము క్రొత్తగా తోచదు. ఎదుట వాలుగా నిలిపిన చెక్క కేసు, దానినిండ గడులు, ఏ గడిలో ఏ సీసపు అక్షర మున్నదో చూడకుండగనే ఆతని చేతికి తెలియును; ఒక చేత స్టిక్కు పట్టుకొని, రెండవచేత అక్షరములను ఏరి కూర్చుచుండగా మాటలు పుట్టుచుండును. వాడుక తక్కువగల అక్షరము కావలసి వచ్చినపుడు మాత్రము ఆతడు తల యెత్తి, మూలగడులను వెదకును. ఆ మూలగడిలో చేయి పెట్టి చూడవలసిన పని ఇప్పుడు మనకు సంక్రమించినది. కీబోర్డు మన ముందు పరచినది వాడుకలోని గడులను మాత్రమే. మిగిలిన గడులను చూపునది అక్షరపటము.

ఇచ్చట కొంత వెనుకకు పోయి చెప్పవలసి యున్నది. 1990 ప్రాంతములలో తెలుగు కంప్యూటరులోనికి అడుగిడి, పత్రికలు, పెండ్లి శుభలేఖలు, పాఠ్యపుస్తకములు డీటీపీ కేంద్రములలో కూర్పు పొందుచున్న కాలమున, ఒక ఫాంటులో పట్టు స్థానములు 256 మాత్రమే. అందులోను కొన్ని వాడుకకు లొంగనివి. తెలుగునకు అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు కలిసి ఎన్ని రూపములగునో మీకు తెలియును. అవియన్నియు ఆ కొద్ది చోటులో ఇముడునట్టివి కావు. కావున ఫాంటు రూపొందించినవారు అక్షరములను విడదీసి, తలకట్టు నొకచోట, దీర్ఘము నొకచోట, కొమ్ము నొకచోట, వత్తులను వేర్వేరుగా మరికొన్ని చోటుల, ఆంగ్లాక్షరములకు కేటాయించిన స్థానములలో అమర్చిరి. కూర్చువారు ఆ ముక్కలను ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చి అక్షరమును నిలబెట్టెడివారు. ఏ ముక్క ఎక్కడ ఉన్నదో కీబోర్డును చూచి చెప్పుట ఎవరి తరము? ఆనాడు అక్షరపటమే శరణ్యము.

ఆ కాలమున ఆ పనిచేసిన ఆపరేటర్ల ఓర్పును నేను గౌరవభావముతో స్మరించుచున్నాను. తెలుగు ముద్రణ సీసమునుండి తెరమీదికి దాటిన వంతెన వారి వ్రేళ్లే. అయితే ఆ పద్ధతిలో పెద్ద లోటొకటి ఉండెను. అదే ఫైలును అదే ఫాంటు లేని మరియొక కంప్యూటరులో తెరచినచో, తెలుగు మాయమై అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు కనిపించెడిది. ఏలయన, కంప్యూటరు దాచుకొన్నది తెలుగు అక్షరమును కాదు. తెలుగు రూపమును తొడిగిన ఆంగ్లాక్షరమును.

యూనికోడు అను ప్రమాణము ఆ చిక్కును విప్పినది. 1991లో వెలువడిన తొలి యూనికోడులోనే తెలుగునకు తనదంటూ 128 స్థానములు గల ఒక వీథి ఏర్పడినది. ఆ వీథిలో ప్రతి అక్షరమునకు ఒక చిరునామా. మన కకారపు చిరునామా సున్న, సి, ఒకటి, ఐదు. ఆ చిరునామా విజయనగరములోను అదే, వరంగల్లులోను అదే, డల్లాసులో స్థిరపడిన తెలుగువారి ఇంటిలోను అదే. ఫాంటు మారినను, చిరునామా మారదు.

ఇప్పుడు మీరు అక్షరపటమును తెరచి తెలుగు వీథిలో నడచినపుడు, మొదట ఒక ఆశ్చర్యము కలుగును. క ఉన్నది, ష ఉన్నది, క్ష లేదు. ర ఉన్నది, క్రావడి లేదు. వత్తులు ఒక్కటియు లేవు. ఏమిది, తెలుగును సగమే ఎక్కించిరా యని మీకు సందేహము కలుగవచ్చును. కలుగవలసినదే. కాని ఒక్క క్షణ మాగుడు. విండోస్‌లోని అక్షరపటము మనకు చూపునది చిరునామా గల అక్షరములను; రూపములను కాదు. ఈ భేదము ఒకసారి మనసునకు పట్టినచో తక్కినదంతయు తేటపడును. అక్షరము వేరు, రూపము వేరు.

లక్ష్మి అను మాటను తీసికొందము. కంటికి రెండే అక్షరములు: ల, క్ష్మి. అయితే కంప్యూటరు దానిని ఏడు చిరునామాలుగా దాచుకొనును. లకారము, కకారము, దాని పొల్లు, షకారము, దాని పొల్లు, మకారము, చివర గుడి. పొల్లు ప్రక్కన హల్లు వచ్చిన వెంటనే, ఫాంటులోనే వ్రాసిపెట్టియున్న నియమము మేలుకొని, ఆ రెంటిని కలిపి సంయుక్తరూపమును తెరమీద నిలుపును. క్ష అను ఆ రూపము ఫాంటులో ఉన్నది. మవత్తు కూడ ఉన్నది. అయితే వానికి చిరునామా లేదు, కావున పటములో కనిపించవు. వానిని కూడ చూడవలెనను కుతూహలము గలవారికి ఫాంట్‌ఫోర్జ్ అను ఉచితమైన ఉపకరణము కలదు. ఫాంటులను తయారుచేయువారు వాడు పనిముట్టు అది. ఒక తెలుగు ఫాంటును దానిలో తెరచి చూచినచో, గుడి దాల్చిన కకారము, కొమ్ము దాల్చిన పకారము, చిన్నవై క్రిందికి దిగిన వత్తులు, వరుసలు వరుసలుగా ప్రత్యక్షమగును. ఒక్కొక్క రూపమును ఒక్కొక్క గీతగా గీచి, దాని వంపులను దిద్దిన మనుష్యుని శ్రమ ఎంతటిదో అప్పుడు గాని తెలియదు. పెద్దన, తిమ్మన, సూరన్న, గిడుగు అని మన వాఙ్మయమూర్తుల పేర్లు పెట్టుకొన్న ఫాంటులు నేడు ఎవరైనను ఉచితముగా తెచ్చుకొనదగినవిగా ఉన్నవి. ఒక సాయంకాలము తీరిక చేసికొని, వానిలో ఒకే అక్షరమును ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. ఒకదానిలో తలకట్టు నిటారుగా లేచును, మరొకదానిలో వాలి యుండును.

మరల తెలుగు వీథికి వచ్చెదము. ఆ వీథి మొదటనే, అకారమునకు ముందుగనే, అరసున్న కూర్చున్నది. దాని చిరునామా సున్న, సి, సున్న, ఒకటి. తోఁట, వాఁడు, వీఁడు అని వ్రాయుటకు కావలసినది ఇదే. ఇది తొలినాటినుండియు అక్కడ ఉన్నది. అయినను చాలమంది దానిని కనుగొనలేకపోవుటకు కారణమున్నది. యూనికోడులో దాని నమోదు పేరు అరసున్న కాదు, చంద్రబిందువు. పటములోని వెదకుపెట్టెలో చంద్రబిందు (candrabindu) అని ఆంగ్లాక్షరములలో టైపు చేసినవారికే అది దొరకును. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొనుడు: అరసున్న కావలెనన్న చంద్రబిందువును అడుగవలెను.

గుఱ్ఱము, కఱ్ఱ, ఱెక్క అని వ్రాయు బండి ఱ మామూలు రకారము ప్రక్కనే ఉన్నది. దంత్య చకార జకారములు మాత్రము ఆలస్యముగా వచ్చినవి. ౘుక్క, ౙాము అని పలుకునపుడు నాలుక పండ్లను తాకు ఆ ధ్వనులకు 2008లో వెలువడిన యూనికోడు 5.1లో గాని స్థానము దక్కలేదు. రేనాటి చోళుల శాసనములనాటి తెలుగులో వాడుకలో ఉండి, తరువాత మరుగుపడిన ఴ అను అక్షరమునకు 2014లో చోటు లభించినది. కావ్యములలో పద్యపాదము చివర చేసెన్, చూచెన్ అనునపుడు పాత ముద్రణలలో కనిపించు నకారపొల్లునకు 2021లో చోటు దొరకినది. చూచితిరా, ఈ వీథి ఇంకను కట్టబడుచునే యున్నది. ఒక్కొక్క అక్షరము ప్రవేశించుటకు, అది పూర్వము వాడుకలో ఉండెనని ప్రాతగ్రంథములనుండి, శాసనములనుండి సాక్ష్యము చూపి విన్నపము వ్రాయవలెను. అట్టి విన్నపములు వ్రాసినవారి కృషిఫలమును మనము అక్షరపటములో ఒక గడిగా చూచుచున్నాము.

నాకు అన్నిటికంటె ప్రీతిపాత్రమైనది ఈ వీథి చివరి భాగము. అంకెలు ముగిసిన తరువాత, కొంతదూరము దాటి, కొన్ని గీతలు కనిపించును. నిలువుగీత ఒకటి, రెండు, మూడు. అడ్డగీత ఒకటి, రెండు, మూడు. తెలియనివారు ఇవి ఏవో గుర్తులని దాటిపోవుదురు. ఇవి మన పూర్వుల భిన్నాంకములు. నిలువుగీత ఒకటి యన్న కాలు, రెండన్న అర, మూడన్న ముక్కాలు. అడ్డగీత ఒకటి యన్న వీసము, అనగా పదునారవ వంతు. కాలులో కాలు వీసము. అట్లే నాలుగవ వంతునకు నాలుగవ వంతుగా దిగుచు పోవును ఆ గణితము. మెట్టు మారినపుడెల్ల నిలువుగీత అడ్డగీత యగును, అడ్డగీత నిలువుగీత యగును. అందువలన లెక్క వ్రాయువాడు ఏ మెట్టుమీద ఉన్నాడో చూచినంతనే తెలియును. ఎంత చక్కని యోచన! వీసమెత్తు అని నేటికిని మాటలలో వాడుచున్నాము. ఆ వీసమును వ్రాయు గీతను మాత్రము చూచి గుర్తింపలేకున్నాము. ఆ గీతలు కరణాల కవిలెలలో ఉండిపోయినవి. 2008లో యూనికోడులోనికి వచ్చినవి.

వాని తరువాత, తెలుగు వీథిలో కట్టకడపటి గడిలో, తూము గుర్తున్నది. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి యని ధాన్యము కొలిచిన దినములలో, తూమని వ్రాయుటకు బదులు ఈ గుర్తును పెట్టెడివారు. దాని చిరునామా సున్న, సి, ఏడు, ఎఫ్. ప్రాత లెక్కలను కంప్యూటరులో ఎక్కించువారికి తూమునకు బదులు టి అను ఆంగ్లాక్షరము పెట్టవలసిన పని లేదు. గుర్తు ఉన్నది. కీబోర్డుమీద లేదు, అంతే.

ఇంకొక ముచ్చట. కొన్ని అక్షరపటములలో, గ్నోమ్ వారి పటములో వలె, తెలుగు వీథిలో అక్కడక్కడ ఖాళీ గడులు కనిపించును. ఎ అను అచ్చునకు ముందొక ఖాళీ. ఒ అను అచ్చునకు ముందొక ఖాళీ. నకారము తరువాత ఒక ఖాళీ. అవి పొరపాటువలన మిగిలినవి కావు. యూనికోడువారు భారతీయ లిపులకు స్థానములు ఏర్పరచునపుడు, మన దేశమున అప్పటికే రూపొందిన ఇస్కీ అను ప్రమాణము ననుసరించి, అన్ని లిపులను ఒకే వరుసలో కూర్చుండబెట్టిరి. మన కకారము ఏ వరుస స్థానములో ఉన్నదో, దేవనాగరి కకారము తన వీథిలో అదే స్థానములో ఉన్నది. వంగ కకారము, కన్నడ కకారము, మలయాళ కకారము అట్లే. ఒక లిపిలో ఉండి మరియొక లిపిలో లేని అక్షరము వచ్చినచోట, లేని లిపివారు ఆ గడిని ఖాళీగా ఉంచిరి. తమిళమునకు రెండవ నకారము కలదు, మనకు లేదు, కావున మన వీథిలో అచట ఖాళీ. మనకు ఖ, గ, ఘ కలవు; తమిళమునకు లేవు; కావున వారి వీథిలో కకారము తరువాత మూడు గడులు ఖాళీ. తెలుగును, కన్నడమును, దేవనాగరిని ప్రక్కప్రక్కన తెరచి వరుసగా చూచినచో, ఒకే వర్ణమాల వేర్వేరు వ్రాతలలో వెలసినదన్న సంగతి, వ్యాకరణగ్రంథము తెరువనివానికి కూడ కంటికి కట్టినట్లు తెలియును. పాఠశాలలోని ఉపాధ్యాయులు పిల్లలకు దీనిని తప్పక చూపవలెనని నా కోరిక.

ఇక ఒక హెచ్చరిక. చిరునామా ఉన్నంత మాత్రమున ప్రతి ఫాంటులోను ఆ అక్షరమునకు రూప ముండునని చెప్పుటకు వీలులేదు. గౌతమి ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చినది. ఆనాటి ప్రతిలో 2008లో చేరిన అక్షరము ఉండనేరదు గదా. అట్టి ఫాంటులో దంత్య చకారమును పేస్టు చేసినచో, కంప్యూటరు మరొక ఫాంటునుండి దానిని ఎరువు తెచ్చి చూపవచ్చును. ఎచ్చటను దొరకనిచో ఖాళీ చతురస్రమును చూపును. ఆ చతురస్రమును చూచి అక్షరము చెడిపోయినదని తుడిచివేయకుడు. అక్షరము క్షేమముగా ఉన్నది. దానికి రూపమే కరవైనది. ఫాంటును మార్చినచో అది మరల కనిపించును. ఏ ఫాంటునకు మార్చవలెనో తెలియజేయునది కూడ అక్షరపటమే; పై పట్టికలో ఒక్కొక్క ఫాంటు పేరును మార్చుచు, మీకు కావలసిన గడి ఉన్నదో లేదో చూచుకొనవచ్చును. విండోస్ పటము లేని అక్షరమునకు ఖాళీ చూపదు, ఆ గడినే దాటిపోవును. కావున జాగ్రత్తగా చూడవలెను.

అరుదైన అక్షరములను తరచు వాడవలసినవారికి ఒక సులువైన పద్ధతి చెప్పెదను. అరసున్న, బండి ఱ, రెండు దంత్యములు, ఴ, నకారపొల్లు, భిన్నాంకముల గీతలు, తూము గుర్తు — ఇవన్నియు అక్షరపటమునుండి ఒక్కసారి కాపీ చేసి, చిన్న ఫైలులో ఒక్కొక్క పంక్తికి ఒక్కొక్కటిగా పెట్టుకొని, ప్రక్కన వాని పేర్లు వ్రాసికొనుడు. వ్రాయుచున్నంతసేపు ఆ ఫైలును తెరచియే ఉంచుకొనుడు. కావలసినపుడెల్ల అందుండియే తీసికొనవచ్చును. ప్రతిమారు పటములో వెదకు శ్రమ తప్పును. వ్రాత ముగిసిన తరువాత ఇతరులకు పంపునపుడు, మీ మూలఫైలుతో పాటు పీడీఎఫ్ ప్రతి నొకటి చేసి పంపుడు. మీరు వాడిన ఫాంటు రూపములు ఆ పీడీఎఫ్‌లోనే పొదిగి యుండునట్లు చేయవచ్చును గనుక, అందుకొన్నవారి కంప్యూటరులో ఆ ఫాంటు లేకున్నను వారికి చతురస్రములు గాక అక్షరములే కనిపించును. అచ్చునకు ఇచ్చునపుడు మాత్రము ఏ ఫాంటు వాడితిరో దాని పేరును తప్పక వ్రాసి ఇయ్యుడు.